ఎనిమిదో జాడీ: హైదరాబాద్ గల్లీలో, ఒక తిండి కొట్టు చుట్టూ కోజీ మిస్టరీ రాయడం ఎలా

వారాసిగూడలో ఒక పచ్చళ్ళ కొట్టు. మే నెల. వెనక గదిలో కొత్తావకాయ జాడీలు వరసగా ఉన్నాయి. పెరటి మెట్ల కింద ఒక పెద్దమనిషి చనిపోయి పడున్నాడు. ఎస్సై వచ్చి అంతా కలియజూసి, జాడీలు ఎనిమిది అని రాసుకున్నాడు. కొట్టు పుస్తకంలోనూ ఎనిమిదే. లెక్క సరిపోయింది. కొట్టు నడిపే వరలక్ష్మమ్మకు మాత్రం పదిహేను రోజుల తర్వాత తెలిసొచ్చింది, తను కలిపినవాటిలో మిగిలినవి ఏడేనని. ఎనిమిదోది ఆ మనిషి పోయిన రాత్రే పుట్టింది.

ఇది నేను రాసుకుంటున్న నవల. దీన్నే ఉదాహరణగా పెట్టుకుని, ఇలాంటిది మీరూ రాయాలంటే ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలో చెబుతాను. గుట్టంతా ఇక్కడే విప్పేస్తే నవల ఎవరు చదువుతారని ఇంట్లో గొడవ పెట్టారు. పర్వాలేదు, అచ్చులో హంతకుణ్ణి మార్చేస్తాను.

కోజీ మిస్టరీ అంటే తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. హత్య ఉంటుంది, నెత్తురు ఉండదు. చంపడం మన కళ్ళ ముందు జరగదు. పడకగది తలుపులు మూసే ఉంటాయి. పరిశోధించేది పోలీసు కాదు, పక్కింటావిడ. చిన్న ఊరు, ఒకరికొకరు తెలిసిన మనుషులు. చివరికి చేసినవాడు దొరుకుతాడు, ఊరు మళ్ళీ మామూలుగా టీ తాగుతుంది. ఇంగ్లీషులో ఈ రకం నవలల్లో పెద్ద పాయ తిండి కొట్ల చుట్టూ నడుస్తుంది. బేకరీ, కేటరింగ్, టీ దుకాణం. పుస్తకం చివర ఆ వంటకాలు చేసుకునే పద్ధతి కూడా వేస్తారు. మన పాకెట్ బుక్ డిటెక్టివ్ చేతిలో పిస్తోలు ఉండేది. ఈవిడ చేతిలో గరిటె ఉంటుంది. తేడా అంతే అనుకుని చాలామంది పొరబడతారు. బేకరీ తీసేసి ఇరానీ హోటల్ పెట్టేస్తే తెలుగు కోజీ అయిపోదు.

నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే. మీ కథలో తిండి కొట్టు తీసేసి బట్టల కొట్టు పెట్టి చూడండి. అప్పటికీ హంతకుడు అలాగే దొరికిపోతే, మీరు రాసింది తిండి కొట్టు మిస్టరీ కాదు, తాళింపు వేసిన మామూలు మిస్టరీ. వంట తెలిసిన చేతికి మాత్రమే కనిపించే ఆధారం ఒకటి ఉండాలి. మిగతా పనులన్నీ దాని చుట్టూ తిరుగుతాయి.

మొదటి పని: ఊరు వెతక్కండి, గల్లీ వెతకండి

కోజీకి చిన్న ఊరు కావాలంటారు. మనదేమో కోటి మంది ఉన్న నగరం. కానీ చిన్న ఊరంటే జనాభా కాదు, ఎవరింట్లో ఇవాళ పొయ్యి వెలగలేదో పక్కవాళ్ళకు తెలియడం. నల్లకుంటలో, పద్మారావునగర్‌లో, సీతాఫల్‌మండిలో అలాంటి గల్లీలు ఇంకా బోలెడు. చిక్కడపల్లి, అశోక్‌నగర్ వైపు వెళితే ఇంకో రకం ఊరు కనిపిస్తుంది. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు, సిటీ సెంట్రల్ లైబ్రరీ, జిరాక్స్ షాపులు, మెస్సులు. అక్కడ ఒక్కో మెస్సే ఒక ఊరు. నోటిఫికేషన్ వచ్చిన రోజు ఆ ఊరికి పండగ, పరీక్ష వాయిదా పడిన రోజు ఊరంతా అలక.

గేటెడ్ కమ్యూనిటీ జోలికి నేను పోను. లోపలికొచ్చిన ప్రతివాడి పేరూ గేటు దగ్గర యాప్‌లో ఎక్కుతుంది, రహస్యానికి ఊపిరాడదు. అలాంటి చోట రాయగలవాళ్ళు ఉండొచ్చు, నాకు చేతకాలేదు.

గల్లీ దొరికాక ఒక ఏ4 కాగితం మీద దాన్ని గీయండి. పది పన్నెండు ఇళ్ళు, కొట్లు చాలు. ఏ ఇంటి కిటికీ ఏ తలుపుకు ఎదురుగా ఉంది, వెనక సందు ఎక్కడ తేలుతుంది, కరెంటు స్తంభం ఎక్కడ, కుక్కలు ఎక్కడ పడుకుంటాయి. తర్వాత సగం పరిశోధన ఈ కాగితమే చేసిపెడుతుంది. వీధి పేరు నిజంది పెట్టుకోవచ్చు, కొట్టు బోర్డు మాత్రం కల్పించండి. నిజంగా ఉన్న హోటల్ వంటింట్లో శవాన్ని పడేస్తే వాళ్ళు ఊరుకోరు, ఊరుకోవాల్సిన పనీ లేదు.

రెండో పని: కొట్టు ఎంచుకోవడం

అందరికీ మొదట తోచేది ఇరానీ హోటల్. అందమైన చోటే. డికాక్షన్ ఒక పాత్రలో దమ్ మీద, పాలు ఇంకో పాత్రలో చిక్కబడుతూ, రెండూ కప్పులోనే కలవడం. పక్కన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మోస్తున్న ఉస్మానియా బిస్కెట్. కానీ అక్కడికి వచ్చేపోయేవాళ్ళు వందల మంది. వారానికి నాలుగు పొద్దులు అదే మూల బల్ల దగ్గర కూర్చున్న అలవాటు ఉంటే రాయండి. ఛార్మినార్ చూడ్డానికి వెళ్ళినప్పుడు ఒకసారి తాగి వచ్చుంటే వద్దు, అది రెండో పేజీలోనే తెలిసిపోతుంది.

హలీం బట్టీ మీద ఇంతవరకు ఎవరూ సరిగా చెయ్యి వెయ్యలేదని నా అభిప్రాయం. 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వంటకం. గోధుమ, మాంసం, నెయ్యి గంటల కొద్దీ ఉడకాలి, కర్రలతో ఘోటాలి, రాత్రంతా మంట దగ్గర మనిషి ఉండాలి. పనివాళ్ళు రంజాన్ నెలకే వస్తారు, పండగ కాగానే ఎవరి దారిన వాళ్ళు పోతారు. అంటే నెలవంక కనిపించేలోగా తేల్చకపోతే అనుమానితులందరూ నాలుగు జిల్లాలకు చెదిరిపోతారు. కథకు ఇంతకంటే మంచి గడువు ఎక్కడ దొరుకుతుంది?

మెస్సు పెట్టుకుంటే నెలవారీ కార్డులు, టోకెన్లు ఉంటాయి. ఎవరు ఏ పూట తినలేదో రాతలో ఉంటుంది. కర్రీ పాయింట్ ఆవిడకు ఎవరింటికి చుట్టాలొచ్చారో, ఎవరి భార్య పుట్టింటికి వెళ్ళిందో కూర ప్యాకెట్ల లెక్కలోనే తెలుస్తుంది. రోజూ పావుకిలో పప్పు తీసుకెళ్ళే మనిషి మూడు ప్యాకెట్లు అడిగితే చాలు, ఆవిడకు ఆ రాత్రి నిద్ర పట్టదు. నేను పచ్చళ్ళ కొట్టు పెట్టుకున్నది మా పిన్ని చేతి పని చూసి. మీకు చిన్నప్పటి నుంచి తెలిసిన వాసన ఏదో, ఆ కొట్టు పెట్టుకోండి.

మూడో పని: కొట్టు గడియారం

ఇక్కడ తొందరపడితే తర్వాత ఏం చేసినా అతుకులే. ఎంచుకున్న కొట్టు లాంటి నిజం కొట్టుకు కనీసం నాలుగైదు సార్లు వెళ్ళాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్ళకండి. నేను వెళ్ళాను. ఒక మెస్సులో గల్లా దగ్గర నిలబడి, మీ రోజు ఎలా మొదలవుతుందండీ అని అడిగాను. వెనక లైన్లో ఇరవై మంది. ఆయన నా వైపు చూడకుండా, ముందు టోకెన్ తీసుకో, పక్కకు జరుగు అన్నాడు. ఇంటర్వ్యూ అయిపోయింది. మూడు నుంచి ఐదు మధ్య వెళ్ళండి. గిన్నెలు కడగడం అయ్యి, సాయంత్రం పని మొదలుకాని వేళ. అప్పుడు మనుషులు మాట్లాడతారు, మాట్లాడుతూ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటారు. మీరూ నాలుగు తీయండి.

మీ కథ చెప్పండి అని అడిగితే ఎవరూ చెప్పరు. చిన్న ప్రశ్నలు అడగాలి. తాళం ఎవరి దగ్గర ఉంటుంది? పొద్దున మొదట వచ్చేది ఎవరు? బోణీ ఎవరి చేత్తో చేయిస్తారు? మాస్టర్ రాకపోతే ఆ రోజు ఏం చేస్తారు? మాస్టర్‌కు అడ్వాన్స్ ఎంత ఇచ్చారు, అతను దాంతో పక్క హోటల్‌కు వెళ్ళిపోతే? మిగిలిన కూర ఎటు పోతుంది? పాలవాడికి, నూనెవాడికి డబ్బు ఏ రోజు? బోణీ ప్రశ్న తప్పకుండా అడగండి. రోజంతా వచ్చినవాళ్ళు గుర్తుండకపోయినా బోణీ చేసిన మొహం మాత్రం నెల తర్వాత కూడా గుర్తుంటుంది. కోర్టు ఒప్పుకుంటుందో లేదో గానీ, గల్లీలో దానికి మించిన సాక్ష్యం లేదు.

ఇంటికొచ్చాక ఇరవై నాలుగు గంటల పట్టిక రాయండి. నాలుగింటికి ఏం జరుగుతుంది, నాలుగున్నరకు ఏం, ఏ గంటలో కొట్లో ఒక్కరే ఉంటారు, ఏ గంటలో ఎవరూ ఉండరు. పదార్థాలకూ గడియారం ఉంటుంది, దాన్నీ రాయండి. ఇడ్లీ పిండి ఎండాకాలం రాత్రి పొంగి గిన్నె దాటుతుంది, డిసెంబర్‌లో తెల్లారినా లేవదు. పొద్దున పిండి పొంగి నేల మీద కారి ఎండిపోయి ఉందంటే, రాత్రి ఎవరూ దాన్ని చూడలేదన్నమాట. హోటల్లో ఉండాల్సింది 19 కిలోల కమర్షియల్ సిలిండర్. 14.2 కిలోల ఇంటి సిలిండర్ కనిపిస్తే అక్కడ ఎవరో ఏదో దాస్తున్నారు. అది హత్య కాకపోవచ్చు, అందుకే పాఠకుణ్ణి దారి తప్పించడానికి బాగా పనికొస్తుంది. ఇన్‌స్పెక్టర్ అనగానే చెమటలు పట్టే యజమాని భయపడేది శవం గురించి కాదు, సిలిండర్ గురించి.

నాలుగో పని: హంతకుడి కంటే ముందు ఆధారం

చాలామంది ముందు శవాన్ని, తర్వాత హంతకుణ్ణి, చివర ఆధారాల్ని ఆలోచిస్తారు. నేను తిరగేసి చేస్తాను. పట్టిక ముందు పెట్టుకుని, ఇందులో తెలియనివాడు చేస్తే తప్పు పోయే పని ఏది, ఆ తప్పు తెలిసినవాళ్ళకే కనిపించేది ఏది అని వెతుకుతాను. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసింది. ఆమె కథల్లో విషాలు అంత నమ్మకంగా ఉండటానికి కారణం ఆ అల్మారాల మధ్య గడిపిన రోజులే. మనకు ఆ అల్మారా వంటిల్లు.

ఆవకాయ తీసుకోండి. గురువారం కలిపి జాడీకెత్తి, మూతికి గుడ్డతో వాసెన కడతారు. మొదట్లో ముక్కలు పొడిపొడిగా పిండి అంటుకుని ఉంటాయి. ఉప్పుకు ముక్క ఊట వదులుతుంది, మూడు రోజులకు నూనె పైకి తేలుతుంది. అప్పుడు తిరగకలిపి, ఉప్పు చూసి, నూనె చాలకపోతే పోస్తారు. ఇది ఇంట్లో ఆడవాళ్ళందరికీ తెలుసు. తినడం తప్ప కలపడం తెలియని మగవాళ్ళలో చాలామందికి తెలియదు. ఈ తేడాలోనే హంతకుడున్నాడు.

ఇక కథ దానంతటదే కట్టుకుంది. శనివారం రాత్రి వెనక గదిలో ఇద్దరు గొడవపడ్డారు. తోపులాటలో ఒకరు పడి రుబ్బురోలు తలకు తగిలి పోయారు, ఒక జాడీ పగిలింది. రెండోవాడు శవాన్ని పెరటి మెట్ల కిందికి చేర్చాడు, జారిపడినట్టు ఉండాలని. గది కడిగాడు. కానీ వరసలో ఒక జాడీ చోటు ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీ కనిపిస్తే గదిలో ఏదో జరిగిందని తెలుస్తుంది. అందుకని అటక మీది కొత్త జాడీ దించి, అప్పటికప్పుడు ఆవకాయ కలిపి పెట్టాడు.

ముక్కలెక్కడివి మరి? అర్ధరాత్రి మామిడికాయలు కొట్టేవాడు దొరకడు. మాగాయ కోసం ఉప్పు, పసుపు వేసి ఊరబెట్టి, ఊట పిండేసి, డాబా మీద ఎండబెట్టిన ముక్కలు రాత్రికి లోపలికి తెచ్చి బేసిన్‌లో పెట్టి ఉన్నాయి. అవి వాడాడు. ఇక్కడ మూడు తప్పులు చేశాడు. మాగాయ ముక్కకు చెక్కు ఉండదు, టెంక ఉండదు. టెంక లేని ఆవకాయ ఉంటుందా? ఆ ముక్కకు ఉప్పు ఇదివరకే పట్టి ఉంది, మళ్ళీ ఆవకాయ కొలతకు ఉప్పు పోశాడు. పైగా ఎండిన ముక్క ఊట వదలదు, నూనె తాగేస్తుంది. మూడు రోజులైనా నూనె తేలదు.

ఈ ఆధారం దొరికిన రోజు నేను ఇంట్లో గట్టిగా కేక పెట్టాను. మీకు కూడా అలాంటిది దొరికేదాకా రాయడం మొదలుపెట్టకండి. నెల పట్టినా సరే.

ఐదో పని: చంపేంత కోపం ఎక్కడిది

దీన్ని ఎక్కువ సాగదీయక్కర్లేదు. తిండి వ్యాపారంలో గొడవలకు కొదవ లేదు. పగిడీ ఇచ్చి తీసుకున్న మడిగె, ఓనర్ కొడుకు వచ్చి ఖాళీ చెయ్యమనడం. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా అదే బోర్డు పెట్టి, అసలుది మాదంటే మాదనడం. మాస్టర్‌ను ఎగరేసుకుపోవడం. ఫుడ్ వ్లాగర్ పెట్టిన ఒక వీడియో. నా కథలో చిట్టీ. మేడ మీదుండే నరహరిగారు చిట్టీలు నడుపుతాడు, కొట్టు లెక్కలు రాసే మధు ముందే పాడుకుని వాయిదాలు ఎగ్గొట్టాడు. చిట్ ఫండ్స్ చట్టం, 1982 ప్రకారం రిజిస్టర్ చెయ్యని చిట్టీ నడపడం నేరం. కాబట్టి నరహరి పోలీసుల దగ్గరికి పోలేడు, రాత్రి పూట వెనక గదికి వచ్చి అడగాల్సిందే. కారణం గల్లీ లోపలే మిగిలిపోవడానికి ఈ చిన్న మెలిక సరిపోయింది.

హంతకుడు రాక్షసుడు కానక్కర్లేదు. కోజీలో పాఠకుడు అతనితో రెండు వందల పేజీలు కాఫీ తాగాలి.

ఆరో పని: పోలీసులు ఉండగా ఈవిడెందుకు

ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే కథ నిలబడదు. పోలీసుల్ని బుద్ధిహీనులుగా రాయడం సులువు, చవక కూడా. అలా కాకుండా పద్ధతి తెలుసుకుని రాయండి. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. అనుమానాస్పద మరణమైతే ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 194 కింద కేసు, ఇదివరకు సీఆర్‌పీసీ 174. శవ పంచనామా చేస్తారు, పోస్ట్‌మార్టంకు గాంధీకో ఉస్మానియాకో పంపుతారు. హత్య అని తేలితే సెక్షన్ మారుస్తారు, బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 103. పాత ఐపీసీ 302 అని రాస్తే ఇవాళ్టి కథలో తప్పు. శరీర భాగాల పరీక్ష అవసరమైతే రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళతాయి, రిపోర్టుకు వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. ఆ వ్యవధిలోనే మన ఆవిడ పని చేస్తుంది.

నా ఎస్సై తప్పేమీ చెయ్యలేదు. డెబ్భై ఏళ్ళ మనిషి, చీకటి, పాచి పట్టిన మెట్లు, తలకు దెబ్బ. జారిపడ్డాడనే ఎవరైనా అంటారు. జాడీలు కూడా లెక్కపెట్టాడు పాపం. ఆయనకు ఆవకాయ కలపడం రాదు, అంతే.

ఇక వరలక్ష్మమ్మకు తిరగడానికి ఒక వంక కావాలి. పచ్చడి సీసాలు ఇచ్చి రావడం కంటే మంచి వంక లేదు. ఏ ఇంటి వంటింటి దాకానైనా వెళుతుంది. మంచినీళ్ళు ఇస్తారు, కూర్చోమంటారు, మాట్లాడతారు. ఆవిడకు సొంత నష్టం కూడా ఒకటి ఉండాలి. శవం దొరికాక కొట్టుకు జనం రావడం తగ్గింది, సీజన్ పోతోంది. ఆవకాయ సీజన్ పోతే ఏడాది పోయినట్టే.

ఏడో పని: కెమెరాలు, ఫోన్‌పే

హైదరాబాద్‌లో మిస్టరీ రాసేవాళ్ళకు పెద్ద తలనొప్పి సీసీ కెమెరా. గల్లీకి నాలుగుంటాయి. ఆ రాత్రే గాలివాన వచ్చి కరెంటు పోయిందని రాసి తప్పించుకోకండి, అందరూ అదే చేస్తున్నారు. కెమెరాను పని చెయ్యనివ్వండి. దానికి అంతా కనిపించనివ్వండి. నా కథలో మధు ఖాళీ జాడీ మోసుకుని వరండా దాటడం స్పష్టంగా రికార్డయింది. ఎస్సై చూశాడు, వరలక్ష్మమ్మ చూసింది, పాఠకుడూ చూశాడు. పచ్చళ్ళ కొట్లో మనిషి జాడీ మొయ్యడం ఎవరికి వింత?

యూపీఐ ఇంకా మంచిది. మన దేశంలో ఇంత కచ్చితంగా టైం చెప్పే సాక్షి ఇంకోడు లేడు. ఆ రాత్రి పదిన్నర దాటాక కిరాణా కొట్టు స్పీకర్ పెట్టె గల్లీ అంతా వినపడేలా ఒక మొత్తం అరిచింది. రెండు లీటర్ల పల్లీ నూనె. వరలక్ష్మమ్మది గోదావరి జిల్లా, ఆవకాయలో నువ్వుల నూనె తప్ప పొయ్యదు. మధుకు నువ్వుల నూనె పీపా తాళం ఆవిడ కొంగున ఉందని గుర్తులేదు.

ఎనిమిదో పని: ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారు

ఒకే గల్లీలో నాలుగు తెలుగులు వినపడతాయి, పైన ఉర్దూ చిలకరింపు. అందరిచేతా పుస్తకం భాష మాట్లాడిస్తే గల్లీ చచ్చిపోతుంది. అలాగని యాసను నవ్వులాట కోసం వాడితే అంతకంటే పాపం. కొట్లో పనికి వచ్చే యాదమ్మ నా నవలలో అందరికంటే తెలివైన మనిషి. ఆవిడ భాష ఆవిడది:

"అమ్మా, గీ జాడిల ముక్కకు టెంక లేదేంది?"

"టెంక లేకుండా ఆవకాయేమిటే, సరిగ్గా చూడు."

"సూసిన. ఒక్కదానికి గూడ లేదు. మాగాయ ముక్కల లెక్కనే ఉన్నయ్."

మధు వరలక్ష్మమ్మను ఆంటీ అంటాడు, ఇరవై ఏళ్ళ నుంచి. ఎస్సై మొదట్లో అమ్మా అని, అనుమానం వచ్చాక మేడమ్ అని పిలుస్తాడు. ఆ ఒక్క మార్పుతో గదిలో గాలి మారుతుంది. టీ కొట్టాయన అందరికీ భాయ్. నరహరిగారు చనిపోయేదాకా గారు, చిట్టీ డబ్బులు పోయాయని తెలిసిన రోజు నుంచి వాడు. ఇలాంటివి పక్కన ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, లేకపోతే పన్నెండో అధ్యాయంలో అత్త పిన్ని అయిపోతుంది.

తొమ్మిదో పని: విషం పెట్టాలనిపిస్తే

తిండి కొట్టు కదా, విషం పెట్టేద్దాం అని ఉత్సాహం వస్తుంది. నేను వద్దంటాను. మోతాదులు, తయారీలు రాయడం కోజీకి అక్కర్లేదు, మంచిదీ కాదు. దానికంటే కలుషిత ఆహారం మంచి కథావస్తువు. ఎందుకంటే జనం ఎప్పుడూ చివర తిన్నదాని మీదే నింద వేస్తారు. నిజానికి స్టెఫిలోకాకస్ వల్ల వచ్చే వాంతులు అరగంట నుంచి ఎనిమిది గంటల్లో మొదలవుతాయి, సాల్మొనెల్లాకు ఆరు గంటల నుంచి ఆరు రోజుల దాకా పట్టొచ్చు. మంగళవారం బండి మీద తిన్నవాడు శుక్రవారం మెస్సును తిడతాడు. నింద మోస్తున్న మెస్సు యజమానురాలు తేదీలు వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోవడం ఒక నవలంత పని. 2024 అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయొనీస్‌ను ఏడాది పాటు నిషేధించింది. ఆ మర్నాడు ఒక షవర్మా బండి ఫ్రిజ్‌లో మిగిలిన డబ్బా నుంచి కథ మొదలుపెట్టి చూడండి.

పదో పని: రాయడం, దాచడం

నలభై యాభై వేల మాటలు చాలు. ఇరవై నాలుగు అధ్యాయాలు అనుకుంటే ఒక్కోటి రెండు వేలు. కాలం పండగకో సీజన్‌కో కట్టేయండి. ఆషాఢంలో బోనాలు, జనవరిలో మొదలయ్యే నుమాయిష్ ఎగ్జిబిషన్, మృగశిర కార్తె నాడు రాంనగర్ చేపల మార్కెట్ రద్దీ, ఏదైనా సరే. ఆ రోజు అందరూ ఒక్క చోటికి వస్తారు, గుట్టు అక్కడ విప్పొచ్చు.

అసలు కష్టం ఆధారాన్ని దాచడం. పాఠకుడి కళ్ళ ముందే పెట్టాలి, చూసి కూడా పట్టించుకోకూడదు. నాకు తెలిసిన మంచి చోటు సణుగుడు. మనవాళ్ళు పని చేస్తూ సణుక్కుంటారు, ఎవరూ వినరు. ఆదివారం తెల్లారి వరలక్ష్మమ్మ వచ్చి, వాసెనలు విప్పి తిరగకలుపుతూ, ఈ చివర దానికి నూనె ఎలా తక్కువ పోశానే, వయసు మీద పడుతోంది అనుకుంటూ రెండు గరిటెలు పోసింది. అప్పుడు పెరట్లోంచి యాదమ్మ కేక. అంటే శవం కంటే ముందే ఆధారం వచ్చేసింది. మిస్టరీ ఉందనే తెలియని పాఠకుడు ఆధారం ఎందుకు వెతుకుతాడు?

రెండో తునక ఇంకో గొడవలో పడేశాను. మాగాయ ముక్కలు తగ్గాయి. కోతులా అంటే వారాసిగూడలో కోతులు లోపలి బేసిన్ మూత తియ్యవు. యాదమ్మ ఇంటికి పట్టుకెళ్ళిందన్నారు. వరలక్ష్మమ్మ కాదనలేదు. ఆ నింద పది అధ్యాయాలు నడుస్తుంది, చదివేవాళ్ళు యాదమ్మ కోసం బాధపడుతూ ముక్కలు ఎటు పోయాయో అడగడం మర్చిపోతారు. మూడోది, ఒక కస్టమర్ సీసా వెనక్కి తెచ్చి, ఈసారి ఉప్పు కషాయం అమ్మా అనడం. మూడూ కలిసేది యాదమ్మ టెంక లేదని చెప్పినప్పుడు. కేసు ఎలా తేలిందన్నది ఒక్క అధ్యాయంలో చెప్పొచ్చు. వరలక్ష్మమ్మ యాదమ్మకు క్షమాపణ ఎలా చెప్పిందన్నదానికి నాకు రెండు అధ్యాయాలు పట్టింది. ఇంకా కుదరలేదు.

చివరి పనులు

వంటకం తప్పకుండా వెయ్యండి, కానీ చేసి చూసి వెయ్యండి. గుప్పెడు, తగినంత అని రాసి వదిలెయ్యకండి, కొలతలు రాయండి. ఆవపిండి, కారం సమానంగా, ఉప్పు కాస్త తక్కువగా అని ఒక ఇంట్లో అంటే పక్కింట్లో ఒప్పుకోరు, కాబట్టి అది వరలక్ష్మమ్మ ఇంటి కొలత అని చెప్పండి, గొడవ ఆవిడ చూసుకుంటుంది.

ప్రతి పూర్తయ్యాక ఇద్దరికి ఇవ్వండి. ఒకరు పోలీసు పని తెలిసినవారు, ఇంకొకరు ఆ వంట చేతితో చేసేవారు. రచయితలకు తర్వాత ఇవ్వొచ్చు. మా పిన్నికి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని మధ్యాహ్నం మొదలుపెట్టింది, టీ పెట్టే వేళకు పక్కన పడేసింది.

"మధుగాడే కదా?"

పదకొండో పేజీలో ఉంది. మిగతా రెండు ఆధారాలూ ఇంకా రానేలేదు. ఎలా తెలిసింది పిన్నీ అన్నాను.

"ఎనిమిది వాసెనలూ తెల్లగా మెరుస్తున్నాయని రాశావు కదా, అందంగా ఉంటుందని. తర్వాత ఏడింటికి కారం మరకలున్నాయని నువ్వే రాశావు. మూడు రోజులు ఆవకాయ మీదున్న గుడ్డ తెల్లగా ఎక్కడుంటుందిరా?"

ఆ తెల్ల వాసెన నేను పెట్టిన ఆధారం కాదు, పొరపాటు. దిద్దుదామని పెన్ను తీశాను. అలాగే ఉంచాను. మొదటి వాక్యంలో ఎనిమిది కొట్టేసి ఒకటి అని మాత్రం మార్చాను.